పునర్జన్మ కూడా ఒక మరణమేనా? : బేతాళ కథ నుంచి ‘డబుల్ ఇస్మార్ట్’ వరకు

వ్యాససంగ్రహం

విజ్ఞానకల్పనలో ఒక పాత్ర మరణించి, జ్ఞాపకాలతో సహా మరో దేహంలో తిరిగి వస్తే ఆ పాత్ర మరణించినట్టా, జీవించినట్టా అన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. బేతాళ పంచవింశతిలోని యోగి కథ, మిళిందపఞ్హలోని మామిడిపండ్ల దృష్టాంతం, పింగళి సూరన కళాపూర్ణోదయం, ‘ఈగ’ (2012), ‘ఇస్మార్ట్ శంకర్’ (2019), ‘డబుల్ ఇస్మార్ట్’ (2024) చలనచిత్రాలు ఇందుకు ఆధారాలు. జ్ఞాపకం కొనసాగినంత మాత్రాన మరణం రద్దు కాదనీ, అలాగని మరణం సంభవించినంత మాత్రాన పూర్వజీవితపు ఋణం తీరిపోదనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పునర్జన్మ, పరకాయప్రవేశం, విజ్ఞానకల్పన, జ్ఞాపకం, ఋణం, బేతాళ కథలు, తెలుగు సినిమా.

1. ప్రవేశిక

తెనాలి మండలంలోని నందివెలుగు, దాని చుట్టుపక్కల పల్లెల్లోనే కాక తెలుగునాట చాలాచోట్ల మనవడికి తాత పేరు పెట్టే ఆచారం ఉంది. తాత పోయిన తరువాత పుట్టిన మగబిడ్డను చూసి ‘మా మామగారే మళ్లీ పుట్టారు’ అని కోడలు మురిసిపోతుంది. మామగారి పేరు నోట పలకకూడదు గనుక ఆ బిడ్డను ‘బాబు’ అనో ‘చిన్నా’ అనో పిలుచుకుంటుంది. అదే ఇంట్లో ఏడాది తిరిగేసరికి ఆ తాతకు తద్దినం పెడతారు. పిండం పెట్టే తండ్రి పక్కనే ఆ మనవడు ఆడుకుంటూ ఉంటాడు. తాత తిరిగి వచ్చాడన్న నమ్మకం, తాత పోయాడన్న దుఃఖం ఒకే కప్పు కింద ఉంటాయి. ఒకటి రెండవదాన్ని కొట్టివేయదు. ఈ రెండింటికీ ఎలా పొత్తు కుదురుతుందో ధర్మశాస్త్రం తన పద్ధతిలో వివరిస్తుంది. ఈ వ్యాసం ఆ వివరణ జోలికి పోదు. కథాసాహిత్యం ఏమంటున్నదో మాత్రమే పరిశీలిస్తుంది.

ఇదే ప్రశ్న పాశ్చాత్య విజ్ఞానకల్పనలో మరో రూపంలో తలెత్తింది. 1963లో బ్రిటన్‌లో మొదలైన ‘డాక్టర్ హూ’ టెలివిజన్ ధారావాహికలో ప్రధాన పాత్రధారి విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం క్షీణించడంతో 1966లో ఆయన స్థానంలో పాట్రిక్ ట్రౌటన్‌ను తీసుకున్నారు. నటుడు మారినా పాత్ర కొనసాగాలి. అందుకు రచయితలు కనిపెట్టిన ఉపాయం, డాక్టర్ మరణం అంచున కొత్త దేహాన్ని పొందడం. దానికి ‘రీజెనరేషన్’ అన్న పేరు 1974లో స్థిరపడింది. పాత జ్ఞాపకాలు ఉంటాయి. ముఖం, కంఠం, స్వభావం, అభిరుచులు మారిపోతాయి. 2010 జనవరి 1న ప్రసారమైన కథాభాగంతో ముగిసిన డేవిడ్ టెనంట్ పాత్ర, ఈ మార్పు తనకు చావుతో సమానమని బాధపడుతుంది. అవసరార్థం పుట్టిన ఒక నిర్మాణపు ఉపాయం ఇలా తాత్త్వికమైన చిక్కుముడిగా మారింది.

తెలుగు పాఠకుడికి ఈ చిక్కుముడి కొత్తది కాదు. అయితే మన పునర్జన్మ కథలను పురాణ జానపద పరిశీలనలోనూ, విజ్ఞానకల్పనను ఆధునిక సాహిత్య పరిశీలనలోనూ విడివిడిగా ఉంచడం వల్ల రెండింటిలోనూ ఉన్నది ఒకే ప్రశ్న అని గుర్తించడం ఆలస్యమైంది.

2. తిరిగిరావడంలోని భేదాలు

చర్చకు ముందు కొంత విభజన అవసరం. మరణించిన పాత్ర కథలోకి తిరిగివచ్చే పద్ధతులు ప్రధానంగా నాలుగు.

మొదటిది పునరుజ్జీవనం. అదే దేహం, అదే జ్ఞాపకం. తెనాలికి చెందిన చక్రపాణి నిర్మాతగా ఉన్న ‘పాతాళభైరవి’ (1951)లో చచ్చిన మాంత్రికుడిని శిష్యుడు సదాజపుడు మూలికతో బతికిస్తాడు. ఇక్కడ మరణం వెనక్కి తీసుకోబడింది. లేచినవాడు ఎవరన్న సందేహం ఎవరికీ రాదు.

రెండవది తాత్కాలిక పరకాయప్రవేశం. ఆదిశంకరులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించారన్న గాథలో శిష్యులు గురువు దేహాన్ని కాపాడుతూ ఉంటారు. తిరిగివచ్చే దారి తెరిచే ఉంది. కనుక ఇది ప్రయాణమే గాని మరణం కాదు.

మూడవది జన్మాంతరం. దేహం నశించి, సాధారణంగా జ్ఞాపకం కూడా మరుగునపడి, మరొక జన్మ కలుగుతుంది.

నాలుగవది శాశ్వత దేహాంతరం. పాత దేహం పోతుంది, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరకుండా కొత్త దేహానికి చేరుతుంది. విజ్ఞానకల్పనకు ప్రీతిపాత్రమైనది ఇదే. ‘మరణమా, కాదా’ అన్న వాదం బలంగా తలెత్తేదీ ఇక్కడే. స్మృతి కొనసాగితే వ్యక్తి కొనసాగినట్టేనని జాన్ లాక్ 1694లో ప్రతిపాదించిన సూత్రాన్ని అనుసరిస్తే నాలుగవ పద్ధతిలో మరణం లేదు. జీర్ణవస్త్రం విడిచి కొత్త వస్త్రం ధరించినట్లు జీవుడు దేహం మారుస్తాడన్న గీతావాక్యాన్ని అనుసరించినా దుఃఖించడానికి ఏమీ లేదు. ఈ రెండు సమాధానాలకూ లొంగని కథ ఒకటి బేతాళుడి దగ్గర ఉంది.

3. యోగి ఎందుకు ఏడ్చాడు?

బేతాళ కథల సంస్కృత రూపాల్లో ప్రసిద్ధమైనది 11వ శతాబ్దపు సోమదేవుని కథాసరిత్సాగరంలో ఉంది. తెలుగు ఇళ్లకు ఈ కథల చట్రాన్ని నిత్యపరిచయం చేసింది మాత్రం 1947 జులైలో మొదలైన ‘చందమామ’. దాని స్థాపకుల్లో ఒకరైన చక్రపాణి, 1952 నుంచి 1980లో మరణించేవరకు దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు, ఇద్దరూ తెనాలివారే. చెట్టుపై నుంచి శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ తెలుగువారి బాల్యంలో భాగమైంది. ప్రశ్నకు సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న నియమం కథను వినోదం నుంచి విమర్శ వైపు నడిపించింది.

ఇరవై అయిదు కథల్లో చివరివైపు వచ్చే ఒక కథ ఇది. ఒక శ్మశానంలో వృద్ధుడైన పాశుపత యోగి నివసిస్తుంటాడు. ఒకనాడు బంధువులు ఏడుస్తూ ఒక బ్రాహ్మణ యువకుడి శవాన్ని అక్కడికి తెస్తారు. తన ముసలి దేహాన్ని వదిలి ఆ యువదేహంలో ప్రవేశించాలని యోగి నిశ్చయించుకుంటాడు. ఏకాంతంలోకి వెళ్లి ముందు గొంతెత్తి ఏడుస్తాడు, తరువాత నాట్యం చేస్తాడు. ఆపైన యోగబలంతో శవంలో ప్రవేశిస్తాడు. యువకుడు లేచి కూర్చోగానే బంధువులు ఆనందిస్తారు. తాను వ్రతం పట్టి తపస్సుకు వెళ్లక తప్పదని చెప్పి యోగి వాళ్లను ఇంటికి పంపివేస్తాడు. పాత దేహాన్ని గోతిలో పడవేసి తన దారిన వెళ్లిపోతాడు.

యోగి ఎందుకు ఏడ్చాడు, ఎందుకు నాట్యమాడాడు అని బేతాళుడు అడుగుతాడు. తల్లిదండ్రులు పెంచిన దేహం, చిన్ననాటి నుంచి తోడున్న దేహం, సిద్ధులు సాధించిన దేహం విడిచిపోతున్నందుకు ఏడ్చాడనీ, కొత్త యౌవనంతో మరింత సాధన చేయవచ్చునన్న సంతోషంతో ఆడాడనీ విక్రమార్కుడు చెబుతాడు.

ఈ సమాధానంలోని విశేషం ఏమిటంటే, ఇందులో ‘ఏదీ పోలేదు’ అన్న మాట లేదు. యోగి జ్ఞాపకం అంతా నిలిచింది. ఆత్మ మారలేదు. అయినా ఏడుపు భ్రాంతి అని రాజు అనలేదు. దేహం వస్త్రమే అయితే గొంతెత్తి ఏడ్వవలసిన పని లేదు. దేహమంటే చర్మమాంసాలు మాత్రమే కాదనీ, తల్లి ఒడి, బాల్యపు ఆటలు, పడ్డ దెబ్బలు, చేసిన సాధన అందులో ముద్రపడి ఉన్నాయనీ రాజు గుర్తించాడు. ఆ ముద్రలు జ్ఞాపకంగా కొత్త దేహానికి వెళ్లగలవు గాని, వాటిని అనుభవించిన దేహం మాత్రం గోతిలో ఉండిపోతుంది.

కథ అడగని ప్రశ్న మరొకటి ఉంది. ఆ యువకుడి సంగతేమిటి? బంధువులు అతడు బతికాడనుకున్నారు. నిజానికి అతడు చనిపోయాడు, అతని ముఖంతో వేరొకడు వెళ్లిపోతున్నాడు. కొడుకు కోసం సాగవలసిన ఏడుపు మధ్యలో ఆగిపోయింది. యోగికి తన మరణానికి తానే ఏడ్చే అవకాశం దక్కింది గాని, యువకుడికి దక్కవలసిన శోకం అతనికి దక్కకుండా పోయింది. దేహాంతర కథలన్నింటినీ చదవడానికి ఉపయోగపడే మొదటి కొలత ఇదే. ఎవరు వచ్చారన్నదే కాక, ఎవరు పోయారు, వారి పోకడను కథ లెక్కలోకి తీసుకున్నదా అన్నది చూడాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. బాల్యం నుంచి వార్ధక్యం దాకా దేహం మారుతూనే ఉంటుంది. ఆ మార్పును మరణం అనము గదా? నిజమే. అయితే ఆ మార్పు మెల్లగా జరుగుతుంది. చుట్టూ ఉన్నవారు దానితో కలిసి నడుస్తారు. తల్లికి కొడుకు ముఖంలో పసితనపు ఛాయ కనిపిస్తూనే ఉంటుంది. దేహాంతరంలో ఆ నడక తెగిపోతుంది. మరొక ఆక్షేపణ, ఏడ్చేవారు లేకపోతే మరణం లేదా అన్నది. ఎవరూ లేని అనాథ పోయినా మరణమే. ఇక్కడి కొలత ఎవరైనా ఏడ్చారా అన్నది కాదు. ఏడ్వదగినది ఏదైనా పోయిందా అన్నదే.

4. అదీ కాదు, వేరొకటీ కాదు

ఏడ్వదగినది పోయిందని ఒప్పుకున్నంత మాత్రాన పాత మనిషికీ కొత్త మనిషికీ సంబంధం తెగిపోతుందా? దీనికి సమాధానం వెతకడానికి ఈ ప్రాంతానికే చెందిన మరొక సంప్రదాయాన్ని చూడవచ్చు. తెనాలి నుంచి రేపల్లె వైపు వెళ్లే దారిలో భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో జరిపిన తవ్వకాల్లో బ్రాహ్మీ అక్షరాలున్న ధాతుకరండాలు దొరికాయి. కృష్ణా డెల్టాలో వేళ్లూనిన ఆ బౌద్ధం పునర్జన్మను అంగీకరిస్తుంది గాని శాశ్వతమైన ఆత్మను అంగీకరించదు.

పాళీ గ్రంథమైన మిళిందపఞ్హలో మిళిందుడనే రాజు నాగసేన భిక్షువును ఇదే విషయం అడుగుతాడు. తిరిగి పుట్టినవాడు పూర్వపువాడేనా, వేరొకడా? అదీ కాదు, వేరొకటీ కాదని నాగసేనుడి సమాధానం. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాము జ్వాల చివరి జాము జ్వాల ఒకటి కావు, పూర్తిగా వేరూ కావు. అయితే పాత పాపం కొత్తవాడికి ఎందుకు అంటాలని రాజు సందేహిస్తాడు. దానికి నాగసేనుడు మామిడిపండ్ల దొంగ ఉదాహరణ చెబుతాడు. యజమాని నాటిన టెంక వేరు, నేను కోసిన పండ్లు వేరు అని దొంగ వాదిస్తే చెల్లదు. ఆ టెంక నుంచే ఈ పండ్లు వచ్చాయి.

ఈ దృష్టాంతంలో ఒక వివేకం ఉంది. వ్యక్తి ఒకడేనా అన్న ప్రశ్నను, బాధ్యత కొనసాగుతుందా అన్న ప్రశ్న నుంచి ఇది విడదీస్తుంది. మొదటిదానికి ‘అవును’ అనకుండానే రెండవదానికి ‘అవును’ అనవచ్చు. తెలుగులో ఈ రెండవదానికి చక్కని మాట ఉంది, ఋణం. ‘ఋణానుబంధం’ అన్నప్పుడు మనం అప్పునూ ప్రేమనూ ఒకే మాటలో కలుపుతాం. రెండవ కొలత ఇదే. పోయినవారి ఋణాన్ని వచ్చినవారు మోస్తున్నారా?

5. తన కథను తానే వినడం: కళాపూర్ణోదయం

ఈ రెండు కొలతలనూ కలిపి చూపిన తెలుగు కావ్యం 16వ శతాబ్దపు పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయం. నారదుని శిష్యుడైన మణికంధరుడు, ద్వారకలోని కలభాషిణి ఈ కథకు మూలపాత్రలు. కలభాషిణి మనసు నలకూబరునిపై ఉంది. మణికంధరుడు నలకూబరుని రూపం ధరించి ఆమెను పొందుతాడు. రూపం ఒకరిది, మనిషి ఇంకొకరు అన్న సమస్యను జన్మాంతరానికి ముందే సూరన లేవనెత్తాడు. తరువాత మణికంధరుడు కళాపూర్ణుడుగానూ, కలభాషిణి మధురలాలసగానూ పుడతారు.

మధురలాలస పసిబిడ్డగా ఉండగానే రత్నహారపు ప్రభావంతో పూర్వజన్మ వృత్తాంతం చెబుతుంది. జ్ఞాపకం ఆమెకు సహజంగా రాలేదు, ఒక వస్తువు ద్వారా వచ్చింది. నాలుగు శతాబ్దాల తరువాత విజ్ఞానకల్పన చిప్‌లోనూ తీగల్లోనూ నిక్షిప్తం చేసిన ఊహ ఇక్కడ మణిలో ఉంది. ఇంకా ముఖ్యమైనది కళాపూర్ణుడి స్థితి. అతడు తన పూర్వజన్మను తలచుకోడు, వింటాడు. తన కథకు తానే శ్రోత అవుతాడు. మనిషి తన జీవితాన్ని ఇతరుల నోట వినవలసి వచ్చిందంటే ఆ జీవితం ముగిసినట్టే. అయితే విన్న తరువాత ఆ కథ అతనికి పరాయిది కాకుండా పోతుంది. పూర్వజన్మలో మారురూపంతో మొదలైన సంబంధం ఈ జన్మలో మధురలాలసతో వివాహంగా పరిణమిస్తుంది. మరణం జరిగింది, ఋణం మిగిలింది. సూరన ఈ రెండింటిలో దేన్నీ వదులుకోలేదు.

6. అల్పదేహంలో ప్రతీకారం: ‘ఈగ’

ఎస్.ఎస్. రాజమౌళి ‘ఈగ’ (2012) జన్మాంతరాన్ని, జ్ఞాపకం నిలిచే దేహాంతరాన్ని కలిపింది. ప్రేమించిన బిందు కోసం సుదీప్ చేతిలో హతుడైన నాని ఈగగా పుడతాడు. పూర్వస్మృతి మేలుకొంటుంది. తాను నానినేనని బిందుకు తెలియజేస్తాడు. ఇద్దరూ కలిసి పగ తీర్చుకుంటారు.

స్మృతివాదం ప్రకారం నాని బతికే ఉన్నాడు. ప్రేక్షకుడు కూడా ఈగను నాని అనే పిలుచుకుంటాడు. కాని చిత్రం పొడవునా ఒక లోటు మౌనంగా కనిపిస్తుంది. ఈగ మాట్లాడలేదు, బిందు చేయి పట్టుకోలేదు, ఆమెతో ముసలితనం దాకా నడవలేదు. నాని కోరుకున్న జీవితం సుదీప్ చంపిన రోజునే అయిపోయింది. మిగిలినది ఆ జీవితపు బాకీ మాత్రమే. చివరలో ఈగ ప్రాణత్యాగం చేసి మళ్లీ ఈగగానే తిరిగి వచ్చినప్పుడు హాలులో నవ్వులు వినిపిస్తాయి. అయినా అది మనిషి నానిని తిరిగి ఇవ్వలేదు. వినోదం ముసుగులో ఈ చిత్రం నిజాయితీగా ఉన్నదని చెప్పడానికి కారణం, అది నాని మరణాన్ని ఎక్కడా రద్దు చేయకపోవడమే. రద్దయి ఉంటే ప్రతీకారానికి అర్థమే ఉండదు. చావనివాడికి హంతకుడు ఉండడు.

7. తల వెనుక పోర్టు: ‘ఇస్మార్ట్ శంకర్’, ‘డబుల్ ఇస్మార్ట్’

పునర్జన్మను దైవం చేతిలో నుంచి తీసి ప్రయోగశాలకు అప్పగించినది పూరి జగన్నాథ్ ‘ఇస్మార్ట్ శంకర్’ (2019). దర్యాప్తు అధికారి అరుణ్ హత్యకు గురవుతాడు. అతని మెదడులో ఉన్న సమాచారం కోసం అతని జ్ఞాపకాలను హైదరాబాదు కిరాయి రౌడీ శంకర్ మెదడులోకి పంపుతారు. ఈ పని చేసిన న్యూరోసైంటిస్టు సారా అరుణ్‌ను ప్రేమించిన స్త్రీ. శంకర్ తల వెనుక యూఎస్‌బీ పోర్టు ఈ చిత్రపు గుర్తుగా నిలిచిపోయింది.

మాస్ చిత్రంగా ముద్రపడటంతో ఇందులోని తీవ్రతను విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. అరుణ్ స్మృతి పైకి వచ్చిన క్షణాల్లో సారా ఎదుట ప్రియుడి మాట, అపరిచితుడి ముఖం ఒకేసారి నిలబడతాయి. బేతాళ కథలోని బంధువులకు ముఖం తమవాడిది, లోపలివాడు పరాయి. సారాకు ఇది తలకిందులు. ముఖం పరాయిది, లోపల మెదిలేది తనవాడి స్మృతి. రెండు సందర్భాల్లోనూ శోకానికి నిలకడ దొరకదు. ఏడ్వాలో సంతోషించాలో తెలియని ఆ స్థితి మరణం కంటే తేలికైనది కాదు. అయితే అరుణ్ ఋణం మాత్రం శంకర్‌కు సంక్రమిస్తుంది. అరుణ్ సగంలో వదిలిన కేసు శంకర్ బాధ్యత అవుతుంది. మామిడిటెంక వేరొకరు నాటినా పండు ఇతని చేతిలో ఉంది.

మరొక కోణం కూడా ఉంది. శంకర్‌ను ఎవరూ అనుమతి అడగలేదు. ఒక పౌరుడి మెదడును ప్రభుత్వ దర్యాప్తుకు పాత్రగా వాడుకున్నారు. అతడు నేరస్థుడు కావడం వల్ల ప్రేక్షకుడికి ఆ అన్యాయం వెంటనే తట్టదు. ‘డబుల్ ఇస్మార్ట్’ (2024) ఆ అన్యాయాన్ని ముందుకు తెస్తుంది. మెదడులో కణితితో చావుకు దగ్గరైన నేరసామ్రాజ్యాధిపతి బిగ్ బుల్ తన జ్ఞాపకాలను శంకర్ మెదడులోకి పంపి మరణాన్ని తప్పించుకోవాలని చూస్తాడు. చిత్రంగా ఇది మొదటి భాగపు స్థాయిని అందుకోలేకపోయినా, ప్రశ్నగా ఇది మరింత సూటిగా ఉంది. బిగ్ బుల్ దృష్టిలో ఇది జీవించడం. శంకర్ దృష్టిలో ఇది హత్య. ఒకే ప్రయోగం ఒకరికి పునర్జన్మ, మరొకరికి మరణం.

బిగ్ బుల్‌ను యోగి పక్కన నిలిపి చూస్తే తేడా తెలుస్తుంది. యోగి ముందు ఏడ్చాడు, తరువాత ఆడాడు. అతడు ఎంచుకున్నది అప్పటికే ప్రాణం పోయిన దేహం. బిగ్ బుల్‌కు నాట్యమే కావాలి, ఏడుపు వద్దు. తన దేహంతో పోయేదేమీ లేదనుకుంటాడు. ఎదుటివాడి దేహంలో ఉన్నదేమీ లేదనుకుంటాడు. చేసిన నేరాల బాకీ మాత్రం పాత దేహంతో పోవాలి. మరణం వద్దు, ఋణమూ వద్దు. మనం గుర్తించిన రెండు కొలతలనూ ఇతడు ఏకకాలంలో నిరాకరిస్తున్నాడు.

8. ముగింపు

విజ్ఞానకల్పనలోని పునర్జన్మ ఒక రకమైన మరణమేనా? పరిశీలించిన కథల ఆధారంగా అవుననే చెప్పాలి. జ్ఞాపకం నిలిచినప్పటికీ, ఆ జ్ఞాపకాన్ని జీవించిన దేహం, దాని చుట్టూ అల్లుకున్న సంబంధాలు, అది నడవవలసిన దారి ముగిసిపోతాయి. యోగి ఏడుపు దానికి సాక్ష్యం. డాక్టర్ హూ పాత్ర పడిన వేదన కూడా యోగి వేదనకు దూరం కాదు. అయితే ఇది ఋణవిముక్తి కాదు. మామిడిపండ్ల దొంగ, కళాపూర్ణుడు, ఈగ, శంకర్ ఈ విషయంలో ఒకే వైపు ఉన్నారు.

ఈ నిర్ణయానికి కథల వెలుపల కూడా ప్రయోజనం ఉంది. పోయినవారి కంఠాన్ని కృత్రిమ మేధతో పలికించడం, వారి సందేశాల నుంచి వారిలాగే బదులిచ్చే యంత్రాన్ని తయారుచేయడం ఇప్పుడు సాధ్యమవుతున్నాయి. ‘మీ నాన్నగారు మీతోనే ఉంటారు’ అని అమ్మేవారు వస్తున్నారు. ఆ మాటను బేతాళ కథలోని బంధువులు నమ్మారు. సగంలో ఆగిన వారి ఏడుపును మనం గుర్తుంచుకోవాలి. నందివెలుగు వంటి ఊళ్లలో మనవడిని ముద్దాడుతూనే తాతకు తద్దినం పెట్టే గృహిణికి ఈ విషయం ఏ సిద్ధాంతమూ చదవకుండానే తెలుసు. వచ్చినవాడిని ఎత్తుకోవడానికి పోయినవాడిని మరిచిపోవలసిన పని ఆమెకు లేదు. తెలుగు విజ్ఞానకల్పన రచయితలు ఆమె నుంచి నేర్చుకోవలసింది ఉంది. పాత్రను తిరిగి తెచ్చే ముందు, ఆ పాత్రకు దక్కవలసిన శోకాన్ని కథలో దక్కనివ్వాలి.